బట్టల్లేని తిండి

బుధవారం బడికి బట్టల్లేని తిండి తేవాలట.
పొట్లం, కవరు, రేకు ఏదీ చుట్టకూడదట,
పసుపు కాగితం మీద ఉత్తరం.
హిమజ చదివి వినిపించి సోఫా మీద దొర్లి దొర్లి నవ్వింది.
"అమ్మా, క్యారెట్టుకి సిగ్గెయ్యదా?"

నాకు నవ్వు రాలేదు. రాత్రి తొమ్మిదీ నలభై.
ట్రుగనినా గోదాంలో ఎనిమిది గంటలు
పొట్లాల వీపుల మీద ఎర్రగీత పెట్టి వచ్చాను.
బిస్కట్లు, చిప్సు, మూడు నిమిషాల నూడుల్సు,
డబ్బా మీద తప్ప లోపలెక్కడా
పండు లేని పళ్లరసాలు.
అన్నిటికీ కుయ్‌మని ఒకటే జవాబు.
స్నానం చేసినా చెవుల్లోంచి పోదు.

అయినా పెసలు నానబోశాను.
పడుకునే ముందు నేను చేసే పూజంటూ ఉంటే అదే.
రెండు గుప్పెళ్లు, మూడుసార్లు కడగడం, మునిగేదాకా నీళ్లు.
మేం నిద్రపోయాక
ఈ ఇంట్లో పని చేసేవి అవొక్కటే.
(వాళ్ల నాన్న రాత్రి ట్రామ్ నడుపుతాడు, ఆయన లెక్క వేరు.)

శనివారాలు వెర్రిబీ సౌత్ పోతాం.
సముద్రపు గాలికి ఒరిగిన రేకుల కొట్టు,
డబ్బులు వెయ్యడానికి మూతకి కన్నం పెట్టిన కాఫీ డబ్బా.
కార్మెలా గారుంటే కాలీఫ్లవర్ ఎత్తి పట్టుకుని
"ఆకులు కోసెయ్యనా?" అనేది మొదట్లో.
వద్దు తల్లీ, ఆ కాడలతోనే మాకు పచ్చడి.
ఇప్పుడు అడగదు.
ఎవరెవరో వదిలేసిన ఆకులు కూడా నా సంచిలో కుక్కుతుంది.
మట్టి ఉంటుంది. పురుగుంటుంది.
ఒకసారి ఓ నత్త, టిక్కెట్టు లేకుండా,
డాష్‌బోర్డు మీద టార్నీట్ దాకా వచ్చింది.

బుధవారం డబ్బాలో
ఉడికించిన అలసందలు, ఉప్పు, నిమ్మచుక్క,
ఒక గుడ్డు, ఒక కమలాపండు, నాలుగు బఠాణీ కాయలు.
వేరుశెనగ పెట్టకూడదు, తరగతిలో ఎవరికో పడదు.
"బఠాణీలు బట్టలేసుకున్నాయి, టీచరు ఒప్పుకోదు."
అవి వాళ్లమ్మ కుట్టినవి, ఒప్పుకుంటుంది, పద.

సాయంత్రం కారులో దాని కాలికింద గరగరమంది.
వంగి, సీటు కిందనుంచి లాగింది.
లోపల వెండి, బయట ఊదారంగు. ఉప్పూ వెనిగరూ.
ఒకటి కాదు, నాలుగు.
"ఎవరివి?"

గోదాం కారు పార్కులో, స్టీరింగుకి పొట్ట ఆనించి,
ఇరవై నిమిషాల విరామంలో
ఎవరూ చూడని భోజనం నాది.
దాని డబ్బా నింపి, ఆయన డబ్బా నింపి,
నా డబ్బా దగ్గరికొచ్చేసరికి
గడియారం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతుంది.
పెసలు మొలకెత్తుతాయి. నేను తినను.
మొలకలకున్నంత తీరిక నాకు ఉండదు.

నావే, అన్నాను.

పొట్లాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి
కాసేపు చూసింది.
"వీటి బట్టలు ఇక్కడున్నాయి.
మరి అవేవి?"
సిగ్నల్ పచ్చబడింది, వెనక కారు హారను కొట్టింది,
నేను స్టీరింగు మీద తలవాల్చి నవ్వుతూనే ఉన్నాను.
ఏడుపు కూడా కొంచెం కలిసుంటే ఉండొచ్చు.

గురువారం విరామంలో చేతిసంచి తెరిస్తే
దాని సాక్సు ఒకటి, ఉతికినదే,
అందులో రెండు బఠాణీ కాయలు,
కొరికి వదిలిన క్యారెట్టు,
పంటి గుర్తులతో సహా.

ఆ రోజు చిప్సు కొనలేదని చెప్పను. కొన్నాను.
కానీ ముందు బఠాణీలు ఒలిచాను.
తొందరలేని పని అది, బొటనవేలు గోరుతో
అంచు వెంట మెల్లగా నడవాలి.
ఎనిమిది గింజలు. ఒకటి మరీ చిన్నది, అదే తియ్యన.
తొక్కలు డాష్‌బోర్డు మీద పెట్టాను,
ఎప్పటిదో ఆ నత్త గీసిపోయిన
వెండిగీత పక్కన.