వెంట్రుకవాసి

పట్టాలు ఎన్నటికీ కలవవని
ఎవరన్నారో గానీ
వాళ్ళు డబుల్ స్లిప్ చూసి ఉండరు.
మూరెడైనా లేని చెక్క మీద
రెండు దారులు ఒకదాన్నొకటి కోసుకుని,
కోసుకున్నచోటే రాజీపడి,
ఎటునుంచి వచ్చినవాణ్ణయినా
అటో ఇటో సాగనంపుతాయి.

కార్న్‌ఫర్త్‌లో, మెథడిస్టు చాపెల్ మేడమీద,
మంగళవారం రాత్రులు.
కింద హాల్లో ఎవరో పియానో శ్రుతి చేస్తుంటారు.
పైన మేం ఏడుగురం, ఒక కెటిల్,
కిటికీకి వాన.

పగలు నేను లాంకస్టర్‌లో పళ్ళు కడతాను,
ఎవరి నోటికో సరిపోయేది
ఎవరి ముఖమూ చూడకుండా.
అది విని మారియన్ హెస్కెత్
పేరడగడం కూడా మానేసి
నా చేతిలో ఆకురాయి పెట్టింది.

ఆవిడకి డెబ్భై తొమ్మిది.
రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో
ఇండియన్ ఇంక్‌తో వంపులు గీసిన చెయ్యి
ఇప్పుడు సాసరు మీద కప్పుని
టకటకలాడిస్తుంది.
చూపు మాత్రం చెక్కుచెదరలేదు.
కాబట్టి ఒప్పందం ఇది:
కన్ను ఆవిడది, చెయ్యి నాది.

రాగి పొర అంటించిన దుంగలు,
అగ్గిపుల్ల కంటే కాస్త వెడల్పు.
ఒక్కొక్కదాని నడుమా గాడి కొట్టాలి,
లేకపోతే ఈ పట్టాలో కరెంటు
ఆ పట్టాలోకి పాకి
ఊరంతా చీకటి.
పట్టాని రాసి రాసి
కత్తివాదరకు తేవాలి.
రెండు వాదరలు కలిసి మొన తేలేచోటు పేరు కప్ప.
ఎందుకని అడిగితే
చెరువులో కప్ప కాదట,
గుర్రం డెక్క అడుగున ఉండే మెత్తని కప్పట.
మాటలు కూడా ఎక్కడో పాయింట్లు మారే
ఇంత దూరం వచ్చాయి.

టంకం కరిగి పొగ లేస్తుంది.
వెలిగారం లేకపోయినా
మా తాత దుకాణం వాసన.
"ఊదకు," అంటుంది మారియన్,
"దానంతటది చల్లారనీ."

ఈ ఊళ్ళో ఆగని ఎక్స్‌ప్రెస్ వెళ్తే
అద్దాలు గడగడమంటాయి.
అందరం చేతులు గాల్లోకి ఎత్తి
ఆ పెద్ద రైలు దాటేదాకా
చిన్న రైలు పని ఆపుతాం.

ఫిబ్రవరిలో మొదటి వ్యాగన్ తోశాం.
కప్ప దగ్గర ఎగిరి పడింది.
మళ్ళీ తోశాం.
అక్కడే.
మూడు మంగళవారాలు కప్పతో పోట్లాడాను.
మొన తగ్గించాను, వంచాను,
ఊడబీకి కొత్తది కట్టాను.
భూతద్దం కింద అది
పాపం పుణ్యం ఎరగనట్టు మెరిసేది.

"పడ్డచోటే వెతుకుతున్నావు," అంది మారియన్.
వణికే గోరు మెల్లగా
ఎదుటి పట్టా వైపు జరిగింది.
అక్కడ, లోపలి పక్కన,
బొటనవేలంత తునక, చెక్ రైల్.
దాని మీద ఏ చక్రమూ నడవదు.
ఏ బరువూ దానిది కాదు.
అటు చక్రాన్ని వీపు దగ్గర ఒడిసిపట్టి
ఇటు చక్రం మొనకి గుద్దుకోకుండా చూడటం,
అంతే దాని ఉద్యోగం.
నేను దాన్ని వెంట్రుకవాసి ఎడంగా అంటించాను.

వేడి చేసి, జరిపి, మళ్ళీ అంటించి,
ఊదకుండా
చల్లారనిచ్చాను.

వ్యాగన్ వెళ్ళింది.
టక్. టక్ టక్. టక్.
మారియన్ కళ్ళు మూసుకుంది.
"ఇంకోసారి."

తర్వాత, టీ చల్లారిపోయాక, చెప్పింది:
ఈ జంక్షన్ గీసింది అరవై ఆరులో తనేనని,
ఆడపిల్లల్ని అప్పట్లో లైను మీదికి పంపేవారు కాదని,
ఎనిమిదేళ్ళకి పట్టాలు పీకేస్తే
అక్కడిప్పుడు టైల్స్ గోడౌను వెలిసిందని,
అసలుదాన్ని
తనెప్పుడూ చూడనేలేదని.

నాకేం అనాలో తోచలేదు.
వ్యాగన్ మళ్ళీ తోశాను,
కాస్త హుషారుగా.

"అంత వేగమా?" కళ్ళు తెరిచింది.
"అక్కడ గంటకి పది మైళ్ళే.
రాసే ఉంటుంది చూడు,
డ్రాయింగు కింద, కుడి మూలన."