రెండు వేళ్ల సందు

ఫిబ్రవరిలో మా పెరడు నోరు తెరుస్తుంది.
నెర్రెలోకి స్కేలు దించి మేధిని చెప్పింది,
"స్కేలు అయిపోయిందమ్మా, నెర్రె అయిపోలేదు."
జులైలో అదే మట్టి
కాళ్లకున్న చెప్పులు ఒలుచుకుని తన దగ్గరే దాచుకుంటుంది.

మెల్టన్ సౌత్. నల్లరేగడి.
ఇక్కడి కాగితాల్లో దానికేదో అక్షరమూ అంకే వేశారు గాని
పిడికిట్లో నలిపితే చాలు, తెలిసిపోతుంది:
తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది,
మధ్యలో ఎవరి మాటా వినదు.

దాని మీద చెక్క అరుగు వేద్దామన్నాను.
వంటింటి గడప నుంచి కంచె దాకా
ఒకే అరుగు, ఒకే మట్టం.
గీత ఎంత తిన్నగా వచ్చిందో!
కంచె అవతలి కార్మెను, మాల్టా మనిషి,
ముప్పై ఏళ్లు రేవులో వడ్రంగం చేసినవాడు,
నా కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి
"బల్లకైతే బాగుంటుంది" అన్నాడు.

మూడో గుంటలో పలుగు ఖంగుమంది.
నల్లరాయి.
పొద్దున తలకాయంత అనుకున్నాం,
మధ్యాహ్నానికి దూడంత అయింది.
సాయంత్రం త్రివిక్రమ్ మోకాలి పట్టీ సర్దుకుంటూ వచ్చి
మా ఇద్దర్నీ చూసి, రాయిని చూసి,
"టీ పెట్టనా?" అన్నాడు.
మిషను తెప్పిస్తే ఎనిమిది వందల డాలర్లు.
ఆ రాత్రంతా రాయి నా నడుములోనే పడుకుంది.

తెల్లారి గీత చెరిపాను.
రాయి ఆగమన్నచోట అరుగు ఆగింది,
ఒక మెట్టు దిగింది,
నిమ్మచెట్టు వేళ్లకి దారిచ్చి ఇంకో మెట్టు దిగి
కాస్త పక్కకి తిరిగింది.
మొత్తం మూడు మట్టాలు.
చూసినవాళ్లు "డిజైన్ ఎవరిది?" అంటారు.
రాయి వంక చూపిస్తే నవ్వుతారు.

మిగతా గుంటలు నడుము లోతు తవ్వాం.
కిందికి పోయేకొద్దీ మట్టికి ఎండావానా పట్టవట.
కాంక్రీటు పోసి ఉక్కు పాదాలు నిలిపాం,
పాదానికో మర, మరకో నట్టు.
పలకకీ పలకకీ మధ్య మేకు మందం ఖాళీ.
ఉత్తరపు గాలి వీచిన రోజు నలభై మూడు డిగ్రీలు,
గాలి మళ్లితే రాత్రికి పదిహేడు.
చెక్క మాత్రం ఎన్నని ఓర్చుకుంటుంది?

ఇంటికీ అరుగుకీ మధ్య రెండు వేళ్ల సందు.
అదొక్కటే నాకు మింగుడు పడలేదు.
ఇంత చేసి అంటీ అంటనట్టు వదిలేయడమా?
"ఇల్లు కూర్చుని ఉంది, ఇది నిలబడి ఉంది" అన్నాడు కార్మెను.
"అది లేచినప్పుడు ఇది లేవదు.
బోల్టు బిగించావంటే రెండూ పగుల్తాయి."
తర్వాత, ఎందుకో మరి,
వాళ్లావిడ డోరిస్ జీలాంగ్‌లో వేరే ఉంటున్న సంగతి చెప్పాడు.
ఆదివారాలు వస్తుందట. కుందేలు పులుసు చేస్తుందట.
చీకటి పడకముందే వెళ్లిపోతుందట.
నేను లెక్కపెట్టిన స్క్రూలనే మళ్లీ లెక్కపెట్టాను.

ఇప్పటిదాకా ఆ సందులో పడినవి:
మేధిని తలపిన్నులు, ఐదు సెంట్ల బిళ్ల ఒకటి,
వడియాలు ఎండబెట్టిన రోజు సగం వడియాలు.
కింద నీలినాలుక బల్లి ఒకటి కాపురం పెట్టింది.
దానికి సగ్గుబియ్యం నచ్చినట్టు లేదు.

అక్టోబరులో, చిత్తడి తగ్గాక,
పానా పట్టుకుని నేనూ కిందికి దూరతాను.
రసమట్టంలో బుడగ ఎటో ఒకవైపు జరిగే ఉంటుంది.
నిమ్మచెట్టు వైపు కాలికి అర చుట్టు.
గడప దగ్గరిదానికి పావు.
రాయి మీద నిలబెట్టినది ఇంతవరకు కదల్లేదు.
దాన్ని చూసే మిగతావాటిని సరిచేస్తాను,
ఎనిమిది వందలు పోసి పీకించాలనుకున్న రాయిని.

పైన త్రివిక్రమ్ అడుగుల చప్పుడు,
ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా.
"మట్టం కుదిరిందా?"
"ఈ ఏటికి" అంటాను.
పలకల సందులోంచి టీ చుక్క ఒకటి
వచ్చి నా చెంప మీద పడుతుంది.