దిగేటప్పుడు

జిర్కోనియా బిళ్ల. చిటికెనవేలి గోరంత.
యశ్వంతపురంలో చివరి రైలు కూతేసిన వేళ
దాన్ని కొలిమిలో పెట్టి తలుపు మూశాడు మునివెంకటప్ప.

గది చల్లగా ఉన్నంతసేపూ పరమాణువులు బుద్ధిమంతులు.
లేజరు తాకితే చాలు,
ఎవరి పేరు వాళ్లు విడివిడిగా చెప్తారు.
తెరమీద సన్నటి శిఖరాలు.
ఎడమ అంచున ఆ జంటయితే
ఒకే గొడుగు కింద దూరిన ఇద్దరు.

నాలుగొందలు. ఆరొందలు.
శిఖరాలు ఒళ్లు చేస్తున్నాయి.
జంట మధ్య లోయ పూడిపోతోంది.
ఒక్కొక్కటీ ఎడమకి జరుగుతోంది, బస్సులో చోటిచ్చినట్టు.

స్ప్రింగు బొమ్మ గీసి
ఎంత లాగినా ఒకటే లయ అని చెప్పిన మాస్టారూ,
అది చలికాలపు మాట.
వేడెక్కిన బంధం లాగితే ఒకలా, నొక్కితే ఇంకోలా.
ప్రతి అలా పక్క అలని గుద్దుకుని
చెప్పే మాట సగంలో ఉండగానే పోతుంది.

వెయ్యి దాటాక బిళ్ల తనే వెలగడం మొదలెట్టింది.
నా ఆకుపచ్చ లేజరు
మిట్టమధ్యాహ్నం టార్చిలైటు.
తెరంతా ఒకటే వాలు. ఏ పేరూ లేదు.

"ఎంతుంటుందప్పా?"
కన్నంలోంచి చూశాడు. కోలారు గనిలో
కుర్రతనమంతా మూసలు కాచిన కన్ను.
"బంగారు కరిగే కళ దాటె మేడం. వెయ్యిన్నూటిరవై."
పైరోమీటరు ఇరవై మూడంది.
ఆ మూడూ ఎవరి తప్పో నేను రాసుకోలేదు.

ఊదా లేజరు బిగించాం.
పన్నెండొందల దగ్గర, రాత్రి మూడుకి,
నీళ్లలో మునిగిన మెట్లలా
ఆరు గుబ్బలు.
పద్దెనిమిది ఉండాల్సిన చోట ఆరే ఆరు.
లోపల ఇల్లే మారిపోయింది,
గోడ కదిలిన చప్పుడైనా వినలేదు మేం.
నా కేకకి టీ ఒలికింది లాగుబుక్కు మీద.

"ఇంక ఆపేసి ఇంటికి పోదాం" అన్నాను.
ఆయన కదల్లేదు.
"ఎక్కేటప్పుడు పగల్దు ఇది. దిగేటప్పుడే."

నిజమే. చల్లారుతూ ఉబ్బుతుంది ఈ రాయి.
పాత గదుల్లోకి తిరిగొచ్చేసరికి
తన చోటు తనకే చాలదు.

నిమిషానికి రెండే డిగ్రీలు తగ్గించుకుంటూ
స్టూళ్లు లాక్కుని కూర్చున్నాం.
తొమ్మిదొందల నలభై దగ్గర
లోపలెక్కడో టిక్కుమంది.
"అయ్యె" అన్నాడు,
మఫ్లరు విప్పి మళ్లీ చుట్టుకుంటూ.

మధ్యాహ్నానికి పళ్లెంలో రెండు ముక్కలు.
పెద్దదాని మీద ఆకుపచ్చ లేజరు పెట్టాను.
ఎడమ అంచున, గొడుగు కింద,
వచ్చేశారిద్దరూ.