కిందికి దిగే కమ్మీలు

దేవరకొండ దాటినంక, గుట్టల నడుమ మా బడి.
ఏడో తరగతి, కమ్మీ రేఖాచిత్రం పాఠం.
పుస్తకంలవి వద్దు, ఇంటి లెక్కలు తెండ్రి అన్న.
ఒకడు మేకలు తెచ్చిండు,
ఒకామె వాళ్ల అమ్మమ్మ మింగే గోలీలు.
రమావత్ జమున
వాళ్ల చెల్కల ఏసిన బోర్లు తెచ్చింది.

స్కేలు: సెంటీమీటరుకు యాభై అడుగులు.
కాగితం పై అంచున అడ్డగీత గీసి
కమ్మీలను కిందికి దించవట్టింది.
"పైకి గదనే లేవాల్సింది?"
"బోరు పైకెట్ల లేస్తది సార్?"

నూటెనభై. మూడొందల ఇరవై.
అయిదొందల అరవై, అండ్ల అంగుళం నీలం రంగు:
రెండెండకాలాలు పోసిందట.
ఎనిమిదొందల పది.
అయిదోదానికి గ్రాఫు చాలక
మధ్యాహ్నం అన్నం మెతుకులతోని
ఇంకో ముక్క అతికింది.
వెయ్యిన్నూట యాభై.
దానికి రంగు లేదు,
చాక్‌పీసు పొడి రుద్దింది, బండపిండి లెక్క.

సగటు కట్టమన్న.
పద్ధతి ప్రకారమే కట్టింది:
ఆరు వందల నాలుగు.
"గని సార్, అంత లోతుల
మేం ఒక్క బోరు గూడ ఏయలే."

రాత్రి దిద్దుతుంటే
మార్కులెన్నెయ్యాల్నో తోచక
కాగితాన్ని తలకిందులు వట్టుకొని చూసిన.
కమ్మీలన్నీ నిటారుగ లేచినయ్,
అచ్చం పుస్తకంల తీర్గ,
ఏటేటా పెరిగే దిగుబడి తీర్గ.
ఎవరన్న చూస్తరేమోనని
మల్ల తిప్పి వెట్టిన.