ఏమీ జరగదంట

"ఏమీ జరగదండి, అయినా చూడండి" అని
పంపింది హేచరీలో పనిచేసే రత్నమాణిక్యం.
కొరియా సినిమా. రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు.

మొగల్తూరు రొయ్యల చెరువు గట్టు మీద
రాత్రి కాపలా నాది.
ఏరేటర్లు నీళ్ళని చిలుకుతూనే ఉంటాయి,
వెన్న మాత్రం రాదు.

మూడు నిమిషాలు చూసి ఆపేశాను.
ఒకమ్మాయి గొడుగు దులిపింది.
ఒకతను తడిసిన నేలకేసి చూశాడు.
అంతే. పాటా లేదు, ఫైటూ లేదు.
కింద అక్షరాలు నేను కూడబలుక్కునేలోపు
వాళ్ళే మాటలు మానేశారు.

డేటా ఒకటిన్నర జీబీ ఉంది.
మూడింటికి ఆక్సిజన్ చూడాలి.
కునుకు పట్టి రొయ్య తేలిందా,
షావుకారు నన్ను ముంచుతాడు.

మొన్న సఖినేటిపల్లి పంటు మీద
ఆవిడా నేనూ ఒకే కమ్మీ పట్టుకు నిలబడ్డాం.
గోదారి ఎంత తీరుబడిగా దాటించిందని!
వేరుశెనక్కాయలు ఒలిచి
పొట్టు నీళ్ళలోకి ఊదింది,
గింజలు నా చేతిలో పోసింది.
నరసాపురం రేవొచ్చింది, దిగిపోయాం.
ఏమీ జరగలేదు.

ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకున్నాను,
రెండో చెవి ఏరేటర్లకి వదిలేసి.

గొడుగు ఇంకా కారుతోంది.