అంగుళం వదులు

అక్క చెయ్యి చెక్కబారడం
మొదట చూసింది సూది.
ఆ రోజు దారం ఎక్కలేదు.
పాత చాకలిపేట కొట్లో, మిషన్ ముందు,
నీలం తిరిగిన వేళ్ళని చంకలో దాచుకుని
"ఈ ఎండలో చలేందిరా" అంది.

తర్వాత ముఖం. గొంతు. ఆ తర్వాత ఊపిరి.
పేరు కోమల.
తోలు మాత్రం బిగదీసిన తప్పెట.
"సైజు తక్కువ రవికలో బతకమన్నట్టుంది.
నేనైతే లోపల రెండంగుళాలు మడిచి వదిలేదాన్ని.
పైవాడికి పనితనం తెలీదు."

నీ కాపలావాళ్ళే నీ మీద పడ్డారమ్మా
అంది డాక్టరమ్మ, సగం తమిళం సగం తెలుగు.
కంచే చేను మేస్తోందని
ఆ మాట నేనే అందించాను.
కొత్త కంచెకి సరిపోయింది నా రక్తమే.

మెట్రో వాటర్ లారీ నడుపుతాను.
సంపు కడగడం తెలుసు నాకు:
అడుగున పాచి గీకి, ఎండగట్టి,
అప్పుడే కొత్త నీళ్ళు వదలాలి.
అక్కని అలాగే కడిగారు.
జుట్టు పోయింది. నోరు పూసింది.
అద్దాల గదిలో
ఖాళీ సంపులా పడుకుని ఉంది.

ఐదు రోజులు సూదులు;
నడుం ఎముకల్లో ఎవరో పారతో తవ్వినట్టు.
ఆరో రోజు మిషన్ పక్కన నాలుగు గంటలు.
వచ్చింది చూస్తే
ఆవిన్ అరలీటరు పాకెట్టంత లేదు,
పల్చటి టమోటా చారు రంగు.
పన్నెండు వేల లీటర్లు మోసేవాణ్ణి,
సిగ్గేసింది.

నలభయ్యో రోజు
అక్క అరచేతుల నిండా ఎర్రటి దద్దుర్లు.
తమ్ముడి కణాలు కొత్తిల్లు చూసి
గొడవకి దిగాయన్నారు.
మాంజా దారం కోసం చిన్నప్పుడు
ఆ చేతులే రక్కాను నేను.
అద్దానికి ఇవతల నిలబడి,
లోపలున్న నాకు వినబడేట్టు
"ఒరే, ఆపరా" అన్నాను.

మాత్రలు పెంచారు. ఆగింది.
అప్పుడప్పుడూ మళ్ళీ లేస్తుంది.

ఇప్పుడు అక్కది నా బ్లడ్ గ్రూపు.
కాశిమేడు రొయ్యలు నాకు పడవు,
ఈమధ్య తనకీ పడటం లేదు.
"దీన్ని కూడా మూట కట్టి పంపాలా, వెధవా?"

నిన్న కార్పొరేషన్ ఆసుపత్రిలో టీకాల క్యూ.
పాత రక్తం నేర్చుకున్నదంతా
పాత రక్తంతోనే పోయింది కదా,
పోలియో దగ్గర్నుంచి మళ్ళీ మొదలు.
"కుళందై ఎంగమ్మా?" అంది నర్సు,
మా వెనకెక్కడో పసిబిడ్డని వెతుకుతూ.
ముప్పై తొమ్మిదేళ్ళ అక్క
చెయ్యి పైకి మడిచింది.
మడతపడింది.
రవిక కాదు,
మోచేతి పైన చర్మం.
రెండు వేళ్ళతో పట్టి చూపించింది నాకు:
"అంగుళం వదిలిందిరా."

వేళ్ళింకా వంకరే.
సూదిలో దారం
మూడుసార్లు తను తప్పాక
నేను ఎక్కించి ఇస్తాను.
రెండుసార్లు నేనూ తప్పుతాను.