పచ్చ పుస్తకం

గిండీలో మా టీకాల గదికి
ఏసీ ఉంది గానీ అది మందు కోసం, మనుషుల కోసం కాదు.
సీసా ఒకసారి విప్పితే అయిదుగురికి సరి.
అయిదుగురు కూడేదాకా ఎవరికీ సూది లేదు.
అందుకే మంగళవారాల్లో నా బల్ల ముందు
ఖండాలు పక్కపక్కనే కూర్చుని
మెడ మీద చెమట తుడుచుకుంటుంటాయి.

ఆ రోజు
ఓడలో వంటవాడొకడు, లాగోస్‌కి.
గ్రానైట్ అమ్మే అన్నదమ్ములిద్దరు, అంగోలాకి,
ఫోన్లలోంచి తలెత్తరు.
నాలుగో మనిషి సౌదామిని గారు.
వయసు యాభై ఎనిమిది. దేశం: ఈక్వడార్.
కారణం అనే గడిలో అందరూ
వ్యాపారమనో ఉద్యోగమనో రాస్తారు.
ఆమె "చూడ్డానికి" అని రాశారు.

"ఏం చూడ్డానికండీ?" అన్నాను.
ఆ యాస వినగానే
నాలో సూళ్లూరుపేట నిద్ర లేచింది.

సాలిగ్రామంలో, పాస్‌పోర్టు ఆఫీసు ఎదురుగా,
పదమూడేళ్లుగా జిరాక్స్ షాపు.
"ఎంతమంది ముఖాలు
నా చేతుల్లోకి వెచ్చవెచ్చగా వచ్చాయో తల్లీ.
మూత ఎత్తడం, దించడం.
ఆ సందులోంచి పచ్చటి వెలుగు గీత
ఈ చివర్నుంచి ఆ చివరికి పోయేది.
నేను చూసిన ప్రయాణం అదొక్కటే."

చీటీ పాడారు. నాలుగు లక్షల ఎనభై వేలు.
మరిది ఫ్లాటుకి అడ్వాన్సు కట్టమన్నాడు.
చెల్లెలు కాశీ వెళ్లి రమ్మంది.
"కాశీకెళితే ఏదో ఒకటి వదిలేసి రావాలి కదా.
వదలాల్సినవి ఇక్కడే వదిలేశాను.
ఇప్పుడు తెచ్చుకోవాలి."

అక్కడ మబ్బులు అడవిలో నడుస్తాయట,
చెట్టుకి చెట్టుకి మధ్య, గొడుగు లేనివాళ్లలా.
బొటనవేలంత పిట్ట
గాల్లో నిలబడి తేనె తాగుతుందట.
లోయకి అడ్డంగా ఇనుప తీగ కట్టి
మనుషుల్ని దాని మీద వదిలేస్తారట.
"భయం లేదా?"
"ఉంది. దానికీ కలిపే డబ్బు కట్టాను."

ఆదివారాలు పరంగిమలై మెట్లెక్కుతున్నారు,
బ్యాగులో రెండు కట్టలు ఏఫోర్ కాగితం వేసుకుని,
బరువు అలవాటవ్వాలని.
పైన చర్చి దగ్గర కూర్చుంటే
విమానాలు కడుపులు చూపిస్తూ దిగుతాయట.

అయిదో మనిషి పన్నెండుంబావుకి వచ్చాడు,
ఆటోవాడితో పోట్లాట గుమ్మం దాకా తెచ్చుకుని.
సీసా విప్పాను.
అన్నదమ్ముల్లో పెద్దవాడు కళ్లు మూసుకున్నాడు.
ఆమె మూసుకోలేదు,
సూది దిగిన చోటే చూశారు,
మెషీన్లో కాగితం ఎక్కడ ఇరుక్కుందో చూసినట్టు.

సూది పడ్డాక అరగంట బెంచీ మీద కూర్చోవాలి, అది నియమం.
నేను పచ్చ అట్ట పుస్తకంలో
పేరు రాసి, ముద్ర వేసి ఇచ్చాను.
సిరా ఆరేలా ఊదుతూ అన్నారు:
"ఈ పచ్చ చూపిస్తే
ఆ పచ్చలోకి రానిస్తారన్నమాట."

పదకొండేళ్లుగా ఇంగ్లీషులో సంతకాలు పెడుతున్నాను,
పసుపుకీ ఆకుకీ మనకి ఒక్కటే మాటని
ఒక్కనాడూ తట్టలేదు.

"పదో రోజు నుంచి చెల్లుతుందండీ.
ఎందుకైనా మంచిది, ఒక జిరాక్స్ తీయించి..."
అంటూ ఆగిపోయాను.
ఆమె నవ్విన నవ్వుకి
వంటవాడు కూడా, భాష తెలియకుండానే, నవ్వాడు.

వెళ్తూ వెళ్తూ అడిగారు, నువ్వెక్కడికెళ్లావమ్మా అని.
"సూళ్లూరుపేట," అన్నాను. "నెలకోసారి. లోకల్లో."
"అదీ దూరమేలే," అన్నారు,
చేతి మీద దూదిని ఇంకా అదిమి పట్టుకునే.

పదో రోజు డ్యూటీ దిగి
వడపళనిలో బస్సు మారాల్సిందాన్ని
మారకుండా నడిచాను.
షట్టరు దించి ఉంది. దాని మీద కాగితం, తమిళంలో:
"మూడు వారాలు సెలవు.
పక్క షాపులో కాపీ కొంచెం నల్లగా వస్తుంది. సర్దుకోండి."

రోడ్డుకి అటువైపు పాస్‌పోర్టు క్యూ.
ఊరికే,
ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాను.